ఉక్కు అమ్మకం మాటెత్తే ముందు షరతులు బయటపెట్టండి: తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయ పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. లోక్‌సభ, రాజ్యసభ కలిపి ఆంధ్రప్రదేశ్ నుంచి 36 మంది, తెలంగాణ నుంచి 24 మంది, మొత్తం 60 మంది ఢిల్లీలో మా తరఫున ఉన్నారు. పార్టీలు వేరైనా, కూటములు వేరైనా ఈ ఉత్తరం అరవై మందికీ కలిపే రాస్తున్నాను. విశాఖ ఉక్కు ప్లాంటు అమ్మకం విషయంలో మా వీధివాళ్లం, కొందరు టీచర్లం కలిసి ఇదివరకే వినతిపత్రం పంపాం. ముట్టినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాసినా అంతే. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను గాజువాకలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. నా క్లాసులో చాలామంది ఇళ్లు ఆ ప్లాంటు మీదే నడుస్తాయి. ఒకరి నాన్న పర్మినెంటు ఉద్యోగి, ఒకరి నాన్న కాంట్రాక్టు లేబర్, ఇంకొకరికి లారీ ఉంది, మరొకరి అమ్మ గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది. ప్రైవేటీకరణ పాఠం చెప్తుంటే "సార్, మరి మన ప్లాంటు?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పడానికి మీ దగ్గర నుంచి నాకు ఒక స్పష్టమైన మాట కావాలి.

నేను మార్కెట్‌కి వ్యతిరేకిని కాను. ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు, స్కూటర్‌కి ముందు డబ్బు కట్టి కాచుక్కూర్చున్న రోజులు మా పెద్దవాళ్లందరికీ గుర్తే, అవి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోవడం లేదు. కానీ ప్రభుత్వం నడిపే ఆర్థిక వ్యవస్థ నుంచి మార్కెట్‌లోకి మారడం అనే పనిని రష్యా, ఉక్రెయిన్, కజకిస్తాన్, పోలాండ్, తూర్పు జర్మనీ, చైనా ఇప్పటికే చేశాయి. అక్కడ ఎవరు బాగుపడ్డారు, ఎవరు రోడ్డున పడ్డారు అన్నది ముప్పై ఏళ్లుగా రికార్డుల్లో ఉంది. మన దగ్గర చర్చ మాత్రం "అమ్మాలా, వద్దా" అన్న దగ్గరే ఆగిపోతోంది. ఎవరికి అమ్ముతారు, ఎంతకి, ఏ షరతుల మీద, కొన్నవాడు షరతు తప్పితే ఏం చేస్తారు అన్న ప్రశ్నల దాకా వెళ్లడం లేదు. సామాన్యుడి బతుకు తేలేది ఆ ప్రశ్నల దగ్గరే.

ముందు మన ప్లాంటు సంగతి, క్లుప్తంగా. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని జనం రోడ్ల మీదికి వచ్చారు, కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత చాలాకాలం పని ముందుకు కదల్లేదు. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1982లో ఈ ప్లాంటు కోసం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే ప్రభుత్వ కంపెనీ ఏర్పడింది. సుమారు 20 వేల ఎకరాల భూమి, అరవైకి పైగా ఊళ్లు దీనికింద పోయాయి. అంటే ఈ ప్లాంటు ప్రణాళికల కాలపు బిడ్డ. ఉక్కు ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, సరుకు ఎవరికి ఎంత వెళ్లాలో ప్రభుత్వం చెబుతుంది, పెట్టుబడి ప్రభుత్వం పెడుతుంది అన్న లెక్క మీద పుట్టింది.

అది పూర్తయ్యేసరికి ఆ లెక్కే లేకుండా పోయింది. 1991 జూలై 24న పీవీ ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం తెచ్చింది, ప్రభుత్వ రంగానికే కేటాయించిన పరిశ్రమలు 17 నుంచి 8కి తగ్గాయి, ఉక్కు ఆ జాబితాలోంచి బయటికొచ్చింది. అదే డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 జనవరిలో మన దగ్గర ఉక్కు ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. అదే ఏడాది ఆగస్టు 1న ప్రధాని హోదాలో పీవీ వచ్చి ప్లాంటును జాతికి అంకితం చేశారు. అప్పు పాత వ్యవస్థలో చేసింది, అమ్ముకోవాల్సింది కొత్త వ్యవస్థలో. పైగా సొంత ఇనుప గని లేదు. టాటాకు ఉన్నాయి, కేంద్రానిదే అయిన మరో ఉక్కు కంపెనీ సెయిల్‌కి ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం మన పక్క నుంచే రైల్లో వచ్చి మన రేవు నుంచే దశాబ్దాలపాటు జపాన్ వెళ్లింది, మన ప్లాంటు మాత్రం ఖనిజం మార్కెట్ ధరకు కొనుక్కోవాలి.

అయినా నిలబడింది. 2000 ప్రాంతంలో పని అయిపోయిందనుకున్న ప్లాంటు కొన్నేళ్లలోనే లాభాల్లోకి వచ్చి 2010లో కేంద్రం తన పెద్ద సంస్థలకిచ్చే నవరత్న హోదా తెచ్చుకుంది. తర్వాత విస్తరణకు చేసిన అప్పులు, ముడిసరుకు ధరలు మళ్లీ నడుం విరిచాయి. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూరు శాతం వాటా అమ్మడానికి సరేనంది. 2024లో ముడిసరుకు చాలక బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజం కరిగించే కొలిమిలు, ఆపుకున్నారు, జీతాలు ఆలస్యమయ్యాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, అందుకు ధన్యవాదాలు. కానీ డబ్బు ఇవ్వడం వేరు, సొంత గని ఇవ్వడం వేరు, అమ్మకం నిర్ణయం రద్దు చేయడం వేరు. ఈ మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడితే మాకు నమ్మకం కలగదు.

ఇక బయటి అనుభవం. దయచేసి ఓపిగ్గా చదవండి, ఇవన్నీ ఉక్కు ఊళ్లు, గని ఊళ్లు, చక్కెర ఊళ్లు. అక్కడివాళ్లూ మాలాంటి వాళ్లే.

1. ధర ఎలా కడతారన్న విషయం. ఉక్రెయిన్‌లో క్రివోరిజ్‌స్తాల్ అనే పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది, సోవియట్ కాలంలో కట్టింది. 2004లో దాన్ని దాదాపు 80 కోట్ల డాలర్లకు అమ్మేశారు. కొన్న కూటమిలో ఒకాయన అప్పటి అధ్యక్షుడు కుచ్మాకు స్వయానా అల్లుడు. ఆ ఏడాది చివర్లో జనం తిరగబడ్డారు, ప్రభుత్వం మారింది, కోర్టులో ఆ అమ్మకం కొట్టేశారు. 2005 అక్టోబరులో మళ్లీ వేలం వేశారు, ఈసారి టీవీలో లైవ్ పెట్టి మరీ. మిట్టల్ కంపెనీ 480 కోట్ల డాలర్లకు పాడుకుంది. ఏడాదిన్నర కూడా తిరక్కుండా అదే ప్లాంటుకు ఆరు రెట్ల ధర పలికింది. మధ్యలో మారిందల్లా, వేలం నలుగురి కళ్లముందు జరగడం, బయటి వాళ్లను పోటీకి రానివ్వడం. రష్యాలో 1995 చివర్లో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. ప్రభుత్వ కంపెనీల వాటాలు తాకట్టు పెట్టుకుని ప్రభుత్వానికి అప్పిచ్చిన బ్యాంకులే ఆ వాటాల వేలాన్ని నడిపాయి. నోరిల్స్క్ నికెల్ అనే పెద్ద లోహాల కంపెనీలో 38 శాతం 17 కోట్ల డాలర్లకు ఒక బ్యాంకు చేతికి వెళ్లింది, వేలం నిర్వహించింది కూడా ఆ బ్యాంకే, దాదాపు దానికి రెట్టింపు పాడిన పోటీదారును సాకులు చూపి పక్కనపెట్టారు. ఆ ఏడాది రష్యాలో టీచర్లకు, గని కార్మికులకు నెలల తరబడి జీతాల్లేవు. ఖజానాకు రావాల్సిన డబ్బు రాకపోతే ముందు ఆగేది ఎవరి జీతమో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన దగ్గరా ఇలాంటి ప్రశ్న ఉంది. 2002లో కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ జింక్‌లో వాటా అమ్మారు. ఆ అమ్మకంలో అక్రమాలపై కేసు నమోదు చేయమని సుప్రీంకోర్టు సీబీఐని ఆదేశించింది 2021 నవంబరులో. పంతొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికి మా విశాఖలోని ఆ కంపెనీ జింక్ స్మెల్టర్ (ఖనిజం కరిగించి జింక్ తీసే ప్లాంటు) మూతపడి తొమ్మిదేళ్లయింది. తీర్పు ఎటు వచ్చినా, అక్కడ పనిచేసినవాడికి ఇప్పుడు ఒరిగేదేమిటి?

2. ప్రాణాల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు.

కజకిస్తాన్‌లో తెమిర్తావు అని ఉక్కు పట్టణం. ఆ దేశానికి దాదాపు ముప్పై ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న నజర్బాయెవ్ కుర్రవాడిగా ఉద్యోగం మొదలుపెట్టింది ఆ ప్లాంటులోనే. సోవియట్ యూనియన్ పోయాక సరుకు కొనేవాడు లేక, జీతాలు ఇవ్వలేక అది కూలబడింది. 1995లో మిట్టల్ కుటుంబానికి చెందిన కంపెనీకి అమ్మారు, తర్వాత చుట్టుపక్కల బొగ్గు గనులూ వాళ్లకే ఇచ్చారు. మొదట్లో జనం సంతోషించారు, అది అబద్ధం కాదు. జీతాలు వచ్చాయి, ప్లాంటు నడిచింది, ఊరు చావలేదు. కానీ 2006 సెప్టెంబరులో అక్కడి లెనిన్ గనిలో పేలుడు, 41 మంది చనిపోయారు. 2008 జనవరిలో అబాయ్ గనిలో 30 మంది. 2023 ఆగస్టులో ఇంకో గనిలో మంటలు, ఐదుగురు. అదే ఏడాది అక్టోబరు 28న కొస్తెంకో గనిలో పేలుడు, 46 మంది. అప్పుడు దేశాధ్యక్షుడు ఆ కంపెనీతో ఇక సంబంధం వద్దని బాహాటంగా ప్రకటించాల్సి వచ్చింది. డిసెంబరుకల్లా ప్లాంటు, గనులు స్వదేశీ యజమాని చేతికి మారాయి. 2018 జనవరిలో ఆ ఊరి మీద నల్లటి మంచు కురిసిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. గాజువాకలో మేడమీద ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి తుడుచుకునే వాళ్లకు ఆ ఫొటోలు ఏం చెబుతాయో ఊహించండి.

ప్రభుత్వ యాజమాన్యమైతే ప్రమాదాలుండవని నేను అనడం లేదు. సోవియట్ గనుల్లోనూ మనుషులు చచ్చిపోయారు. 2012 జూన్‌లో మన ప్లాంటులోనే ఆక్సిజన్ పేలుడులో పదిహేను మందికి పైగా పోయారు, ఆ కుటుంబాలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. నేను అడిగేదల్లా ఇది: తెమిర్తావులో అమ్మినప్పుడు ధర మాట్లాడుకున్నారు, అప్పులు మాట్లాడుకున్నారు, ఉత్పత్తి మాట్లాడుకున్నారు. గనుల్లో భద్రత మీద ఏటా ఇంత పెట్టకపోతే ఆస్తి వెనక్కి తీసుకుంటాం అన్న మాట గట్టిగా పట్టుకోవడానికి ఆ దేశానికి 28 ఏళ్లు పట్టింది, వందకు పైగా శవాలు లేచాక పట్టింది. మనం మొదటి రోజే ఆ మాట రాసుకోలేమా?

ఇక్కడే ఇంకో సంగతి. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ఆర్సెలర్ మిట్టల్, నిప్పన్ స్టీల్ కలిసి పెద్ద ఉక్కు ప్లాంటు పెడుతున్నాయి. రావద్దని నేను అనను. మా పిల్లలకు ఉద్యోగాలు కావాలి, ఆ కంపెనీ వేరే దేశాల్లో బాగా నడుపుతున్న ప్లాంట్లూ ఉన్నాయి. కానీ భద్రత, కాలుష్యం విషయంలో దాని మీదా, మన పాత ప్లాంటు మీదా ఒకే కొలబద్ద పెట్టించాల్సిన బాధ్యత మీది.

3. ఊరు ఏమవుతుందన్నది. తూర్పు జర్మనీలో ఐసెన్‌హ్యూటెన్‌స్టాట్ అనే ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కోసమే 1950ల్లో పుట్టింది, మన ప్లాంటు ఉద్యోగుల ఊరు ఉక్కునగరం లాగే. 1990లో రెండు జర్మనీలు కలిశాక ట్రాయ్‌హాండ్ అనే సంస్థకు ఎనిమిది వేలకు పైగా ప్రభుత్వ కంపెనీలు, వాటిలో పనిచేసే దాదాపు 40 లక్షల మంది అప్పజెప్పారు. వీలైనంత తొందరగా అమ్మేయాలన్నది దాని పట్టు. నాలుగేళ్లలో, 1994 చివరికి ఆ సంస్థ మూసేశారు. మొదట్లో ఆ ఆస్తులన్నీ 60 వేల కోట్ల మార్కులు చేస్తాయన్నారు, చివరికి లాభం రాకపోగా 25 వేల కోట్ల మార్కులకు పైగా లోటు తేలింది. 40 లక్షల ఉద్యోగాల్లో మిగిలినవి సుమారు 15 లక్షలు. ఉక్కు ఊరిని పూర్తిగా చావనివ్వలేదు, ఫ్యాక్టరీకి ప్రభుత్వం సాయం చేసి బెల్జియం కంపెనీకి అమ్మారు, ఇప్పటికీ నడుస్తోంది. అయినా 50 వేలకు పైగా ఉన్న జనాభా ఇవాళ అందులో సగం కూడా లేదు. కుర్రాళ్లు వెళ్లిపోయారు, ఖాళీ అపార్టుమెంట్లను ప్రభుత్వమే కూల్చింది. జర్మనీలాంటి డబ్బున్న దేశం, పెన్షన్లు, నిరుద్యోగ భృతి అన్నీ ఇస్తూ కూడా ఊరిని నిలబెట్టలేకపోయింది.

ఆ దేశంలోనే బిషోఫరోడె అనే ఊళ్లో ఎరువులకు వాడే పొటాష్ గని ఉండేది. దాని సరుకుకు కొనేవాళ్లున్నారు, కార్మికులు తామే నడుపుకుంటామన్నారు. పశ్చిమ జర్మనీ కంపెనీతో కలిపేసే ఒప్పందంలో భాగంగా 1993లో మూసేశారు. కార్మికులు నిరాహార దీక్షలు చేశారు, అయినా ఆగలేదు. ఆ ఒప్పందంలో ఏముందో ఏళ్ల తరబడి రహస్యంగానే ఉంచారు. అప్పటి కోపం ఆ ప్రాంతపు రాజకీయాల్లో ఇప్పటికీ చల్లారలేదు.

తెలంగాణ ఎంపీలకు ఇది దూరం కథ అనిపిస్తే బోధన్ వెళ్లి చూడండి. 1937లో పెట్టిన నిజాం షుగర్స్ 2002లో 51 శాతం ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడు చోట్లా తాళాలు పడ్డాయి. చెరుకు వేసిన రైతు, నరికిన కూలీ, బండి తోలినవాడు, శక్కర్‌నగర్ క్వార్టర్ల ముందు కొట్టు పెట్టుకున్నవాడు... వీళ్లెవరి పేరూ అమ్మకం కాగితాల్లో ఉండదు. ప్రతి ఎన్నికలోనూ తెరిపిస్తామన్న మాట వినబడుతూనే ఉంది. కొన్నవాడు నడపకపోతే ఆస్తి వెనక్కి రావాలన్న షరతును గట్టిగా రాసుకుని, గట్టిగా అమలు చేసి ఉంటే ఇవాళ ఆ మాట ఇవ్వాల్సిన పనే ఉండేది కాదు.

4. జీతం, పొదుపు, ఆరోగ్యం. రష్యాలో 1992 జనవరి 2న ధరలు వదిలేశారు. ఒక్క ఏడాదిలో ధరలు ఇరవై అయిదు రెట్లకు పైగా పెరిగాయి. జీవితమంతా బ్యాంకులో దాచుకున్న డబ్బు చిల్లర పైసలయింది. ఆ శరత్కాలంలో దేశ ఆస్తిలో మీకూ వాటా అంటూ మనిషికి 10 వేల రూబుళ్ల వోచరు ఇచ్చారు. తిండికి కటకటలాడుతున్నవాడు వోచరు దాచుకుంటాడా? వచ్చిన ధరకు అమ్ముకున్నాడు, అవి పోగేసినవాళ్లు ఫ్యాక్టరీలకు యజమానులయ్యారు. 1990లో 64 ఏళ్ల దగ్గరున్న మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1994కి 58 ఏళ్ల కిందికి పడిపోయింది. యుద్ధం లేదు, మహమ్మారి లేదు. ఉద్యోగం పోవడం, టెన్షన్, తాగుడు, ఆస్పత్రుల్లో మందుల్లేకపోవడం. 1998లో గని కార్మికులు రైలు పట్టాల మీద కూర్చున్నారు, మాస్కోలో ప్రభుత్వ భవనం ఎదుట హెల్మెట్లు నేలకేసి కొట్టారు, అడిగింది పాత జీతాల బకాయిలే.

మన దగ్గర అంత ఘోరం జరుగుతుందని నేను భయపెట్టడం లేదు. కానీ 2024లో జీతం ఆలస్యమైతే ఈఎంఐలు, స్కూలు ఫీజులు, కిరాణా ఖాతాలు ఎలా తన్నుకొచ్చాయో ఇక్కడ అందరం చూశాం. పర్మినెంటు ఉద్యోగికే అలా ఉంటే, గేట్ పాస్ తీసేస్తే ఆ పూటతోనే పని పోయే కాంట్రాక్టు కార్మికుడి గతేమిటి?

5. కాస్త జాగ్రత్తగా చేసినవాళ్లు. పోలాండ్ 1990 జనవరిలో ధరలైతే ఒక్కసారిగా వదిలేసింది గానీ పెద్ద ఉక్కు ఫ్యాక్టరీల అమ్మకానికి తొందరపడలేదు. 1999లో యూనియన్లు, యాజమాన్యాలు, ప్రభుత్వం కూర్చుని ఉక్కు కార్మికుల కోసం ఒక సామాజిక ప్యాకేజీ ఒప్పందం చేసుకున్నాయి. పని పోయేవాడికి ఏమిస్తారన్నది ముందు, అమ్మకం ఆ తర్వాత. అమ్మకం 2004 దాకా పూర్తి కాలేదు. అక్కడా అన్నీ సుఖాంతాలు కావు, దేశంలో నిరుద్యోగం 20 శాతానికి చేరిన రోజులున్నాయి, క్రాకో దగ్గర నోవాహుతాలో చివరి బ్లాస్ట్ ఫర్నేసు 2020లో శాశ్వతంగా ఆపేశారు. అయినా వరస ముఖ్యం. చైనా అయితే పెద్ద ఉక్కు కంపెనీలను ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుని చిన్నవాటిని వదిలేసింది, ఆ క్రమంలో కోట్లమంది పని పోగొట్టుకున్నారు, అదీ మరచిపోకూడదు. నొప్పి లేకుండా మారిన దేశం నాకు తెలిసి లేదు. ఆ నొప్పి ఎవరి మీద ఎంత పడాలో ముందే మాట్లాడుకున్న చోట మనుషులు తక్కువ విరిగారు, అంతే.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

ఒకటి. 2021 జనవరి నాటి నూరు శాతం అమ్మకం నిర్ణయం అమల్లో ఉందా, రద్దయిందా? సభలో అడగండి, రాతపూర్వకంగా జవాబు తెప్పించండి. "ఇప్పట్లో ఆ ఆలోచన లేదు" అన్న నోటిమాట మాకు చాలదు. రద్దు చేస్తే రద్దు అని కేబినెట్ నిర్ణయం రావాలి.

రెండు. సొంత ఇనుప గని, లేదా అందుకు సమానమైన దీర్ఘకాలిక ఖనిజ ఒప్పందం. ఇది దయ అడగడం కాదు. మార్కెట్‌లో పోటీ పడమన్నారు, పడుతుంది. కానీ పోటీదారులందరికీ గనులుండి ఒక్కదానికి లేకపోతే దాన్ని పోటీ అనరు. కొత్త ప్రైవేటు ప్లాంట్లకు ఖనిజం ఎలా దొరుకుతుందో మన ప్లాంటుకూ అలాగే దొరకాలి. ముందు ఇది చేయండి, రెండు మూడేళ్లు చూడండి, అప్పుడు లాభనష్టాల గురించి మాట్లాడుకుందాం.

మూడు. ఎప్పటికైనా ఏ ప్రభుత్వ సంస్థనైనా అమ్మాల్సి వస్తే, కట్టిన విలువ, భూమి విలువ ఏ లెక్కన వేశారు, కనీస ధర ఎలా నిర్ణయించారు, ఒప్పందంలో ఏముంది, అన్నీ సంతకానికి ముందే పార్లమెంటు ముందు పెట్టాలి. భూమిని ఫ్యాక్టరీ నుంచి వేరుచేసి లెక్కకట్టాలి. ఆ 20 వేల ఎకరాలు ఉక్కు కోసమని రైతులిచ్చారు, రియల్ ఎస్టేట్ కోసమని ఇవ్వలేదు. ఉక్కు తయారీ ఆగిపోతే భూమి ప్రభుత్వానికి తిరిగి రావాలన్న షరతు లేకుండా ఒక్క ఎకరం కూడా కదలకూడదు. వేలం అందరూ చూసేలా జరగాలి, క్రివోరిజ్‌స్తాల్‌లో రెండోసారి చేసినట్టు.

నాలుగు. భద్రతా ఖర్చు. ఏటా ఎంత, దేని మీద, ఎవరు తనిఖీ చేస్తారు, తప్పితే జరిమానా ఎంత, వరుసగా తప్పితే యాజమాన్యం ఎలా వెనక్కి వస్తుంది, ఇవన్నీ ఒప్పందంలోనే ఉండాలి. తనిఖీ నివేదికలు తెలుగులో, చుట్టుపక్కల ఊళ్లకు అందేలా. ఇది ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న ప్లాంటుకూ ఇప్పుడే వర్తింపజేయండి, అమ్మకం దాకా ఆగాల్సిన పనిలేదు.

ఐదు. నిర్వాసితులు. భూమి పోయినవాళ్లకు ఉద్యోగ హామీగా ఇచ్చిన ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం చూస్తూ ముసలివాళ్లయినవాళ్లు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు, కొందరి కార్డు ఇప్పుడు మనవళ్ల చేతికొచ్చింది. యజమాని మారితే ఆ కార్డుకు విలువ ఉంటుందా? యజమాని ఎవరైనా ఆ హామీ ప్రభుత్వానిదే అని రాసివ్వండి. ఉద్యోగం ఇవ్వలేకపోతే దానికి బదులు ఏమిస్తారో తేల్చండి.

ఆరు. కాంట్రాక్టు కార్మికులు. ఎయిరిండియా అమ్మినప్పుడు మొదటి ఏడాది ఉద్యోగులను తీసేయకూడదన్న షరతు పెట్టారు. ఒక్క ఏడాది చాలా తక్కువ, పైగా అది కంపెనీ సొంత ఉద్యోగులకే. ప్లాంటులో వేడి దగ్గర, ఎత్తుల మీద, దుమ్ములో నిలబడి పనిచేసే చాలామంది కాంట్రాక్టు కిందే ఉన్నారు. పునరుద్ధరణ పేరుతో ఇప్పుడు ముందు తగ్గిస్తున్నదీ వాళ్లనే. పోలాండ్‌లో చేసినట్టు, తగ్గించే ముందు వాళ్లకు ఇచ్చే పరిహారం, వేరే పని నేర్పించడం, పీఎఫ్, ఈఎస్ఐ బకాయిల లెక్క రాతలో ఉండాలి. ఆ ఒప్పందం మీద వాళ్ల యూనియన్ల సంతకం ఉండాలి.

ఏడు. తెలుగు రాష్ట్రాల్లో 1991 నుంచి అమ్మిన, మూసిన ప్రభుత్వ సంస్థల మీద ఒక శ్వేతపత్రం కావాలి. కేంద్రానివి, రాష్ట్రాలవి రెండూ. ఎంతకి అమ్మారు, కొన్నవాళ్లు ఏం చేశారు, భూములు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎంతమందికి పని పోయింది, ఎంతమందికి బకాయిలు అందలేదు. రెండు రాష్ట్రాల ఎంపీలు కలిసి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. ఇందులో ఏ పార్టీకి ఎంత చెడ్డపేరు వస్తుందో అని లెక్కలేసుకోకండి. 1991 నుంచి దాదాపు అన్ని పార్టీలూ ఎక్కడో ఒకచోట అధికారంలో ఉన్నాయి, అందరి సంతకాలూ ఉంటాయి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో కనీసం మొదటి రెండు అంశాల మీదైనా మీలో ఎవరో ఒకరు ప్రశ్న వేయండి. ప్రశ్న వేసినవాళ్లు ఎవరైనా, ఏ పార్టీ వాళ్లయినా, వచ్చిన జవాబును తెలుగులో రాసి మా కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టే పని నాది. ఇక్కడి యూనియన్ ఆఫీసుల్లో, నిర్వాసితుల కాలనీల్లో చదివి వినిపించే పని కూడా కొందరం తీసుకుంటాం. జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని మీ నియోజకవర్గాల్లో ఓటర్ల సంతకాలతో మళ్లీ పంపుతాం.

ఇట్లు,
గాజువాక నుంచి
ఒక ఎకనామిక్స్ లెక్చరర్